గది నిశ్శబ్దం

నా భార్య పోయేటప్పుడు నన్ను పిలవనివాడు నా బావమరిది. మూడేళ్లయింది. అతను మంచం పక్కనే ఉన్నాడు. చేతిలో ఫోను ఉంది. నా నంబరు అతనికి నోటికి వచ్చు. అయినా పిలవలేదు. ఎందుకు పిలవలేదో ఇంతవరకూ చెప్పలేదు. నేను వెళ్లేసరికి ఆస్పత్రివాళ్లు కిటికీ పక్క మంచం మీద దుప్పటి కూడా మార్చేశారు. ఇందులో కొత్తగా తేల్చాల్సింది ఏమీ లేదు.

ఆ బావమరిది పోలీసు ఇన్‌స్పెక్టరు. ఈ హత్య బయటపడ్డ రోజు ఉదయం ప్రదర్శనశాల మెట్ల మీద నాకు అడ్డంగా నిలబడ్డాడు.

"బావగారూ, ఇది హత్య కేసు. మీరు తప్పిపోయిన కుక్కల్ని వెతుక్కోండి."

"కుక్కలకి విశ్వాసం ఉంటుంది. తప్పుకో."

"మిమ్మల్ని ఎవరు పిలిచారు?"

"నువ్వు కాదులే. పిలిచే అలవాటు నీకు లేదుగా."

అతని మొహం నల్లబడింది. అలవాటు ప్రకారం రెండు చేతులూ దగ్గరికి తెచ్చాడు. మెటికలు విరవబోయి ఆగిపోయాడు. కుడి బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది.

"వేలికి ఏమైంది?"

"తలుపు సందులో పడింది."

"ఏ తలుపు?"

పక్కకి జరిగాడు. నేను లోపలికి వెళ్లాను.

నేను ప్రైవేటు డిటెక్టివ్‌ని. నన్ను పిలిపించింది గాజావిడ. గొట్టంతో కరిగిన గాజును ఊది గోళాలు చేస్తుంది. ముంజేతుల నిండా కాలిన మచ్చలు. ఆఫీసు గదిలో కూర్చోబెట్టి బయట కాపలా పెట్టారు. సాయంత్రం ఆరింటికి పురస్కార ప్రకటన. సభ అయిపోగానే ఆవిడని అరెస్టు చేసి తీసుకెళ్తానని ఇన్‌స్పెక్టరు అప్పటికే చెప్పేశాడు.

ఆ పురస్కారం సంగతి ఇంతకుముందు నాకు తెలియదు. ఏటా ఒకరికి ఇస్తారట. బొమ్మలు వేసేవాళ్లు, నాట్యం చేసేవాళ్లు, గాజు ఊదేవాళ్లు, ఎవరైనా సరే. ఒకటే షరతు. ఇంతకుముందు ఎవరూ చేయనిది చేసి ఉండాలి. ఈసారి ఆఖరి వరసలో మిగిలింది ఇద్దరు. ఒకరు గాజావిడ. రెండోవాడు పొద్దున్నే శవమై దొరికాడు. ఎప్పుడూ చేతిలో మైకు పట్టుకుని తిరుగుతాడని అందరూ అతన్ని మైకు అని పిలిచేవారు.

"నిన్న సాయంత్రం మీరు మైకుని చంపుతానన్నారట," అన్నాను.

"అబద్ధం. గొయ్యి తీసి పాతేస్తానన్నాను."

"తేడా ఏమిటి?"

"చంపడానికి కోపం చాలు సార్. గొయ్యి తీయడానికి ఓపిక ఉండాలి. నాకు ఓపిక లేదని మా ఇంట్లో పిల్లిని అడిగినా చెబుతుంది."

"కోపం దేనికి?"

"చేతులు కట్టేశాక గదిలోకి వెళ్లాడు."

నేను అర్థం కానట్టు చూశాను. ఆవిడ పక్కన నిలబడ్డ పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. పురస్కార సంఘం కార్యదర్శి. సన్నగా, ఇస్త్రీ చేసిన చొక్కాలో నిలువుగా పెట్టిన కర్రలా ఉన్నాడు.

"అది మా నియమం అండీ. న్యాయనిర్ణేతలు చూసి వెళ్లిన క్షణం నుంచి ప్రకటన అయ్యేదాకా ఏ పనినీ ఎవరూ ముట్టుకోకూడదు. చేసినవాళ్లు కూడా. మేకు బిగించినా, వెంట్రుక తీసినా పోటీ నుంచి తీసేస్తాం. దాన్నే చేతులు కట్టేయడం అంటాం."

"నా గోళాల మీద దుమ్ము పడింది సార్," అంది గాజావిడ. "రెండ్రోజులుగా కళ్లముందే కనబడుతోంది. ముట్టుకోలేదు. వీడు మాత్రం తాళం తీయించుకుని దర్జాగా లోపలికి పోయాడు. అడగనా మరి?"

"తాళం ఎవరు తీశారు?"

"నేనే," అన్నాడు కార్యదర్శి. "పనిని ముట్టుకోనని, గదిని ఊరికే రికార్డు చేసుకుంటానని అన్నాడు. దానికి నియమం అడ్డురాదు. అప్పటికి ఆరు దాటింది. నేను తాళం అతని చేతికే ఇచ్చి ఇంటికి వెళ్లిపోయాను."

"మీరు?" అని గాజావిడని అడిగాను.

"నేనూ ఇంటికే పోయాను. కొలిమి దగ్గరికి. రాత్రంతా ఒక్కదాన్నే ఉన్నాను. సాక్ష్యం చెప్పడానికి కొలిమికి నోరు లేదు."

"శవం పక్కన మీ గోళం పగిలి ఉంది."

ఆవిడ నవ్వింది. నవ్వులో ఏడుపు ఉంది.

"దాంతో కొడితే గోళం చస్తుంది సార్, మనిషి చావడు. లోపలంతా ఖాళీ. గుడ్డుపెంకు కంటే కాస్త మందం, అంతే. నేను ఊదిన ఊపిరి బయటికి పోకుండా మూతి కరిగించి మూసేస్తాను. నా పని అదే. గాజు కాదు నేను చూపించేది, లోపలున్న ఊపిరి. వాడిదీ ఊపిరే, నాదీ ఊపిరే. అందుకే పడేది కాదు మా ఇద్దరికీ." తలుపు వైపు చూసింది. "ఇప్పుడు కొలిమి దగ్గర మా మేనకోడలు కూర్చుంది. నన్ను తీసుకుపోతే కొలిమి ఆరిపోతుంది. ఆరితే లోపల గాజు కరిగే కుండ పగులుతుంది. పగిలిందంటే, బయటికొచ్చాక కూడా నాకు పని ఉండదు. నన్ను ఇక్కడినుంచి బయటపడెయ్యండి సార్."

అబద్ధం చెప్పేవాళ్లు జాలి పుట్టేలా మాట్లాడతారు. ఈవిడ చిరాకు పుట్టేలా మాట్లాడింది. సగం నమ్మాను. సగం కంటే ఎక్కువ నేను ఎవరినీ నమ్మను.

"పొద్దున ఏం జరిగింది?" అని కార్యదర్శిని అడిగాను.

"ఊడ్చే ఆమె తలుపు తీసి కేకలు పెట్టింది. నేను పరుగెత్తుకొచ్చి గుమ్మం దగ్గర నుంచే చూశాను. లోపలికి వెళ్లలేదు. పోలీసులకి ఫోన్ చేశాను. ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. చాలా మర్యాదస్తులు. మమ్మల్నందరినీ వసారాలోనే ఉండమని, ఒక్కరే శాలలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. కాసేపయ్యాక కానిస్టేబుళ్లని పిలిచారు."

"గుమ్మం దగ్గర నుంచి చూసినప్పుడు మీకు గాజుముక్కలు కనిపించాయా?"

"చీకటి గది కదండీ."

"కనిపించాయా లేదా?"

"నా కళ్లకి కనిపించలేదు. కానీ ఉండే ఉంటాయి. పోలీసులు అబద్ధం చెప్పరు కదా."

నేను ఆయన మొహంలోకి చూశాను. నిజంగానే అంటున్నాడు. ఇలాంటివాళ్ల వల్లే మా వృత్తి బతుకుతోంది.

మైకు గది శాల మధ్యలో, గాజావిడ గోళాల పక్కనే కట్టిన నల్లటి పెట్టెలా ఉంది. గోడలకి లోపల మందపాటి నల్లబట్ట, దాని వెనక ఫోము. తలుపు వేస్తే బయటి చప్పుడు లోపలికి రాదు, లోపలిది బయటికి పోదు. మధ్యలో ఒక బల్ల. చుట్టూ ఇనప స్టాండ్ల మీద ఎనిమిది స్పీకర్లు. శవాన్ని తీసుకెళ్లిపోయారు. ఒక స్టాండు కొద్దిగా పక్కకి జరిగి ఉంది. దాని కింద తివాచీ మీద నల్లగా ఆరిన మరక. మరక మీద గాజుముక్కలు.

మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేశాను. ఒక ముక్క తీసి రెండువైపులా చూశాను. ఇంకొకటి తీశాను. తర్వాత ఆ స్టాండు స్పీకరుకి వెళ్లే తీగని చూశాను. దాన్ని ఎవరో పీకారు, మళ్లీ గుచ్చారు. గుచ్చినవాడికి పని రాదు. మిగతా ఏడూ చక్కగా చుట్టి కట్టి ఉన్నాయి, ఇది ఒక్కటే వంకరగా ఉంది.

"దొరికిందా ఏమైనా?" వెనక నుంచి ఇన్‌స్పెక్టరు గొంతు.

"నీ కథ చెప్పు ముందు."

"కథ ఏముంది. గోళంతో మొహాన కొట్టింది. వాడు వెనక్కి పడ్డాడు. స్టాండు అంచు తలకి తగిలింది. చచ్చాడు. బహుమతి వాడికి వస్తుందని కుళ్లు."

"అయితే గోళం ముందు పగిలింది. రక్తం తర్వాత కారింది."

"అవును."

"మరి ముక్కల కింద మరక ఆరిపోయి ఉంది. ముక్కలకి ఒక్క చుక్క అంటలేదు. తల ఆనిన చోట ఒక్క పెంకు లేదు. రక్తం ఎండాక, ఎవరో పైన చల్లినట్టు ఉంది."

అతను మూతి విరిచాడు. "పల్లెటూరి బడిలో ఐదో క్లాసు చదివి ఫోరెన్సిక్ పాఠాలు చెబుతున్నారా?"

"ఐదో క్లాసు చాలు. తడి సిరా మీద సుద్దముక్క పడితే నీలంగా అవుతుంది. ఆరిన సిరా మీద పడితే తెల్లగానే ఉంటుంది. మా మాస్టారు చెప్పక్కర్లేదు దానికి."

"బావగారూ..."

"గాజు పగలగొడితే వేలు తెగుతుంది. తలుపు సందులో పడ్డ వేలు నల్లగా కములుతుంది. విప్పి చూపించు."

"హద్దు దాటుతున్నారు."

"సరే, విప్పొద్దు. ఈ స్పీకర్లు ఆన్ చెయ్యి. ఆ మనిషి ఏం చేశాడో వింటాను."

"వద్దు!"

గట్టిగా అన్నాడు. ఆ గదిలో కూడా ఆ మాట మోగినట్టయింది. వెంటనే గొంతు తగ్గించాడు. "సాక్ష్యం అది. ఎవరూ ముట్టుకోవడానికి లేదు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడు. అతను ఏదో దాస్తున్నాడని అప్పటికి తెలుసు. ఎందుకో మాత్రం తెలియలేదు. ఈ మైకు ఎవరో, ఇతనెవరో. బావమరిది లంచం తినేవాడు కాదు. నాకు అతనంటే అసహ్యం, కానీ ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి.

వసారాలో మైకు భార్య కూర్చుని ఉంది. ఒళ్లో అతని సంచి. కళ్లు ఎర్రగా ఉన్నాయి కానీ ఏడవడం లేదు. నేను పక్కన కూర్చున్నాను.

"నేను పోలీసుని కాదమ్మా. గాజావిడ తరపున వచ్చాను."

"ఆవిడ చేయలేదు అన్నయ్యగారూ. ఆవిడ నోరు తప్ప చెయ్యి లేవదు. పోయిన నెల వీళ్లిద్దరూ మా ఇంట్లోనే పోట్లాడుకుని, మా ఇంట్లోనే భోంచేశారు."

"మీ ఆయన నిన్న ఆ గదిలోకి ఎందుకు వెళ్లారు?"

"గది నిశ్శబ్దం తీయడానికి."

"అంటే?"

"ప్రతి గదికీ దాని నిశ్శబ్దం దానికి ఉంటుందట. ఖాళీ గది అయినా ఒకలా ఉండదట. ఎక్కడ పని చేసినా, ముగిశాక అందర్నీ కదలకుండా కూర్చోబెట్టి ఒక్క నిమిషం ఆ నిశ్శబ్దం రికార్డు చేసుకుంటాడు. వీళ్ల పనిలో అందరూ చేస్తారట. ఈయనకి మాత్రం అది పిచ్చి. మా పెళ్లయి కొత్తింట్లో దిగిన రోజు నన్ను ఊపిరి బిగబట్టమన్నాడు. ఆ రోజే అర్థం కావాల్సింది నాకు."

"ఆయన చేతి రికార్డరు పోలీసుల దగ్గర ఉందా?"

"ఉంది. అందులో ఏమీ లేదన్నారు. ఉండదు. చేతి రికార్డరుతో నిశ్శబ్దం తీయడు. చేత్తో పట్టుకుంటే మన నాడి కూడా వినబడుతుందంటాడు. పైనుంచి దారంతో మైకు వేలాడదీస్తాడు. తీగ గోడ వెనక రికార్డు చేసే పెట్టెలోకి పోతుంది."

"ఈ మాట ఇన్‌స్పెక్టరుకి చెప్పారా?"

"అడగలేదు. నేను ఏడుస్తానేమోనని భయపడి నా దగ్గరికే రాలేదు."

నేను లేవబోయాను. లేవకుండా ఇంకో ప్రశ్న వేశాను. అది వేయకుండా ఉండాల్సింది.

"ఆ స్పీకర్లలో వినిపించేది ఏమిటమ్మా?"

"ఊపిరి. ఒక ఆస్పత్రి వార్డులో తీశాడు, మూడేళ్ల కిందట. ఎనిమిది మంచాలు, ఎనిమిది స్పీకర్లు. అందరూ ఒప్పుకున్నవాళ్లే. కళ్లు మూసుకుని మధ్యలో కూర్చుంటే ఆ మంచాల మధ్య కూర్చున్నట్టే ఉంటుంది. ఒక్కొక్కటీ ఆగిపోతూ ఉంటుంది." ఆమె సంచి పట్టీ సర్దింది. "కిటికీ పక్క మంచం ఆమె అయితే నవ్విందట. 'ఈ ఊపిరి ఎవరికి కావాలయ్యా, తీసుకుపో' అందట. ఆఖరి ఘడియల్లో మాట్లాడింది ఆమె ఒక్కతే. ఆ మాటలు ఉంచడానికి ఈయన ఎంత ఆలోచించాడో. పేరు లేదు కదా, ఎవరికి తెలుస్తుందిలే అని ఉంచేశాడు."

ఏ ఆస్పత్రి అని అడగలేదు. ఏ నెల అని అడగలేదు. నలభై ఏళ్లుగా ప్రశ్నలే తిండి నాకు. ఆ రెండూ మాత్రం వదిలేసి లేచాను.

కార్యదర్శిని సాక్షిగా వెంటబెట్టుకుని, మైకు భార్యతో మళ్లీ ఆ గదిలోకి వెళ్లాను. ఇన్‌స్పెక్టరు బయట ఫోనులో మాట్లాడుతున్నాడు. బల్ల మీద వెల్లకిలా పడుకుని పైకి టార్చి వేశాను. నల్లటి కప్పు, నల్లటి దారం, దాని చివర వేలెడంత నల్లటి మైకు. నిలబడి తల తిప్పుకుంటే కనబడదు. పడుకుంటేనే కనబడుతుంది. పోలీసులు పడుకుని వెతకరు.

మైకు భార్య ఒక మూల నల్లబట్ట ఎత్తి పెట్టె బయటికి తీసింది. చిన్న ఎర్రదీపం ఇంకా వెలుగుతోంది. రాత్రంతా అది వింటూనే ఉంది.

"వెనక్కి తిప్పమ్మా. మొదటికి."

ఆమె తిప్పింది. పెట్టెలోంచి మైకు గొంతు వచ్చింది. ఆమె కళ్లు మూసుకుంది.

"గది నిశ్శబ్దం. సార్, మీకెంత కోపం ఉన్నా సరే, ఒక్క నిమిషం కదలకుండా కూర్చోండి. తర్వాత తిట్టండి."

ఆ తర్వాత ఏమీ లేదు. నిజంగా ఏమీ లేదు. ఆ ఏమీ లేనిదానిలో టిక్కుమని ఒక చప్పుడు. తర్వాత వరసగా మూడు. ఆగి, చివర ఒకటి. నాలుగు వేళ్లు, బొటనవేలు.

నా పెళ్లయిన కొత్తలో ఆ చప్పుడు పక్కగదిలోంచి గోడ దాటి వచ్చేది. "మెటికలు విరవకురా, వేళ్లు లావెక్కుతాయి" అని నా భార్య ఇక్కడినుంచి కేకేసేది. అతను అప్పుడు పరీక్షకి చదువుకుంటూ మా ఇంట్లో ఉండేవాడు.

"సార్, వేళ్లు," అంది పెట్టెలో మైకు గొంతు.

"అయిందా నీ నిమిషం?" అన్నాడు నా బావమరిది.

కార్యదర్శి గోడకి ఆనుకున్నాడు.

"ఆ మాటలు తీసెయ్యి. ఊపిరి ఉంచుకో. మా అక్క నీకు ఊపిరి ఇచ్చింది, మాటలు ఇవ్వలేదు."

"చేతులు కట్టేశారు సార్. ఇవాళ ఒక్క ముక్క కోసినా నేను పోటీలో లేనట్టే. రేపు ప్రకటన అవగానే కోసేస్తాను. ఒట్టు."

"రేపు గెలిచినవాళ్ల పని రేడియోలో వేస్తారు."

"గెలిస్తే కదా."

"గెలుస్తావు. బందోబస్తు చూడ్డానికి వచ్చి ఇదే బల్ల మీద కూర్చుని విన్నాను. లేచి నడవలేకపోయాను. గెలుస్తావు. మా బావకి ఇంట్లో తోడు ఒక్క రేడియోనే. ఆరింటికి పెడతాడు, నిద్రొచ్చేదాకా తీయడు."

"వింటే ఏమవుతుంది సార్? ఆయన భార్యే కదా."

మళ్లీ ఒక మెటిక విరిగింది.

"మూడేళ్లుగా నన్ను తిడుతున్నాడు. తిట్టనీ. అది నేను మోస్తాను. ఇది బావ మోయలేడు."

ఆ తర్వాత తీగ పీకిన చప్పుడు. "వద్దు సార్, ముట్టుకోకండి, నా పని, సార్..." బల్ల జరిగింది. ఇనుము మీద ఏదో గట్టిగా పడింది. ఒక ఊపిరి వినబడింది, తడిగా, చాలా మెల్లగా. కాసేపటికి అదీ లేదు.

"లేవయ్యా. ఏయ్. లే."

తలుపు పడింది.

మైకు భార్య పెట్టె ఆపింది. నేను వెనక్కి తిరిగాను. తలుపు తెరిచే ఉంది. గుమ్మంలో బావమరిది నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి ఉన్నాడో తెలియదు. చెయ్యి నడుం దగ్గర తుపాకీ మీద ఉంది.

"ఆ పెట్టె ఇలా ఇవ్వు బావా," అన్నాడు. మూడేళ్ల తర్వాత మొదటిసారి గారు అనలేదు. "గాజావిడని ఇప్పుడే వదిలేస్తాను. కాలుజారి పడ్డాడని రాస్తాను. అది అబద్ధం కూడా కాదు, నేను కావాలని చేయలేదు."

"మా ఆయన కాలుజారి పడలేదు," అంది మైకు భార్య. లేచి పెట్టెని రెండు చేతులా పొట్టకి హత్తుకుంది. "ఇవ్వను. కాల్చుకో."

"చూశావా?" అన్నాను. "కంచే చేను మేస్తే ఇలాగే ఉంటుంది. నిన్న ఒకణ్ణి పడేశావు. పొద్దున ఏ పాపం తెలియనిదాని మీదకి తోశావు. ఇప్పుడు ఈమెనా?"

"తోయాలనుకోలేదు. పొద్దున వచ్చేసరికి... ఏం చేయాలో తోచలేదు. ఆవిడ అరిచిందని వాళ్లే చెప్పారు. గోళం కనబడింది."

"ఆవిడ కొలిమి ఆరిపోయేది."

"తెలియదు బావా."

"తెలుసుకోవడానికే నీకు జీతం ఇస్తున్నారు."

అతని చెయ్యి తుపాకీ మీదనుంచి జారింది. బల్ల మీద కూలబడ్డాడు. నేను కార్యదర్శి ఫోను తీసుకుని అతని పై అధికారికి అక్కడే, అతని ఎదురుగానే చెప్పాను. గాజుముక్కల సంగతి, తీగ సంగతి, పెట్టె సంగతి. ఒక్కటీ వదల్లేదు. అతను అడ్డం రాలేదు. ఫోను పెట్టేశాక నా చెయ్యి పట్టుకున్నాడు. గుడ్డ చుట్టిన వేలు నా మణికట్టుకి తగిలింది.

"నా మీద ఉరి కేసు పెట్టు. కాదనను. ఆ కిటికీ పక్క స్పీకరు మాత్రం వినకు. అక్క మీద ఒట్టు. వినకు బావా."

చెయ్యి విదిలించుకున్నాను.

వాళ్లు వచ్చి అతన్ని తీసుకెళ్లారు. గాజావిడ వసారాలో చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పరుగెత్తింది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూసింది. "ఆ పగిలింది పోతే పోయింది సార్. అందులోది నా ఊపిరే. మళ్లీ ఊదుకుంటాను." మైకు భార్య దగ్గరికి వెళ్లి ఒక్క క్షణం ఆమె తల తన భుజానికి ఆనించుకుని, మళ్లీ పరుగు.

కార్యదర్శి న్యాయనిర్ణేతల కవరు విప్పాడు. గెలిచింది మైకు. భార్య అందుకుంటానంది.

"ఆరింటికి రేడియోవాళ్లు వేస్తారండీ," అన్నాడు కార్యదర్శి నాతో, చేతులు నలుపుకుంటూ. "నియమం ప్రకారం అప్పటిదాకా ఎవరూ ముట్టుకోకూడదు. అయినా మీరు ఒక్కమాట అంటే... మా సంఘం ఇంతవరకూ ఎప్పుడూ చేయలేదు... ఆ మాటలు తీయించమంటారా?"

"ముందు వింటాను."

లోపలికి వెళ్లి తలుపు వేసుకుని స్పీకర్లు ఆన్ చేశాను. ఏ స్పీకరో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. వంకరగా తీగ గుచ్చినదాని పక్కన కూర్చున్నాను. చీకట్లో ఎనిమిది ఊపిర్లు మొదలయ్యాయి. నా పక్కది పీల్చేటప్పుడు చివర చిన్నగా తట్టుకుంటుంది. ఆ తట్టు పక్కన ఇరవై ఏడేళ్లు పడుకున్నాను.

ఎంతసేపు కూర్చున్నానో. తర్వాత ఆమె మాట్లాడింది. గొంతు అలసిపోయి ఉంది, కానీ తెలివిగానే ఉంది.

"తమ్ముడూ. ఆ ఫోను లోపల పెట్టు. ఆయన్ని పిలవకురా. వస్తే ప్రశ్నలు మొదలెడతాడు. ఎవరొచ్చారు, ఎవరితో మాట్లాడావు, నాకెందుకు చెప్పలేదు. ఇన్నేళ్లూ జవాబులు చెప్పాను. ఇవాళ ఓపిక లేదు. ఈ ఒక్కసారికి నన్ను ఊరికే పోనీ." ఊపిరి తట్టుకుంది. "నేనన్నానని చెప్పకు. నువ్వే మర్చిపోయావని చెప్పు."

"సరే అక్కా," అన్నాడు అతను.

తర్వాత ఊపిరి. తర్వాత అదీ లేదు. మిగతా ఏడూ సాగుతూనే ఉన్నాయి.

బయటికి వచ్చాను. కార్యదర్శి ఎదురొచ్చాడు.

"ఏమంటారు?"

"చేతులు కట్టేశారు కదా," అన్నాను. "అలాగే ఉంచండి."

ఇంటికి వెళ్లాను. ఆరింటికి రేడియో పెట్టలేదు.

అతన్ని క్షమించావా అని మా చుట్టాలు అడుగుతారు. లేదు. మనిషిని చంపాడు, ఇంకో మనిషిని ఆ గోతిలోకి తోశాడు, దానికి క్షమాపణ లేదు. మిగతాదానికి ఉందా అంటే, ఆ ప్రశ్న నా ముందు పెట్టొద్దు. రేపు కోర్టులో వకీలు హేతువు ఏమిటని అడుగుతాడు. యంత్రం ఉంది, వినండి అంటాను. ఆమె ఏమందో నా నోటితో చెప్పించలేరు. ఇక్కడ రాసింది ఒక్కసారి రాశాను. ఆ మంచం గురించి, ఆ ఫోను గురించి ఇక మాట్లాడను. ప్రశ్నలు వేయడం నా వృత్తి. దీని మీద మాత్రం నన్నెవరూ అడగొద్దు. జవాబు ఉండదు.